బోర్డ్ అంటే బల్లేనా? ఒక ఇంగ్లిషు మాట పుట్టుక, అర్థాలు, వాడుక

మీ ప్రశ్న ఇదీ: "బోర్డ్ అంటే బల్ల, పలక అని చదువుకున్నాం. మరి బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్ అంటే మనుషులు. బోర్డ్ అండ్ లాడ్జింగ్‌లో బోర్డ్ అంటే తిండి. బోర్డింగ్ పాస్ అంటే విమానం ఎక్కడానికి ఇచ్చే చీటీ. ఇవన్నీ ఒకే మాటా, లేక స్పెల్లింగు మాత్రమే ఒకటా? అన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిందేనా?"

బట్టీ అక్కర్లేదండి. ఒక చెక్క పలక, ఒక అంచు. ఈ రెండూ పట్టుకుంటే మిగతా అర్థాలన్నీ వాటి వెనకే వస్తాయి. కాకపోతే పలక ఎక్కడుంది, అంచు ఎక్కడుంది అన్నది ప్రతిసారీ చూసుకోవాలి. చూసుకోకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెప్తాను.

అనువాదాలు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక సంస్థ వార్షిక నివేదిక తెలుగు చేసే పని వచ్చింది. అందులో శిక్షణ కార్యక్రమం గురించి ఒక వాక్యం, చివర 'వెంట్ బై ద బోర్డ్' అని ఉంది. నివేదిక నిండా డైరెక్టర్ల బోర్డు గొడవే కాబట్టి నేను ఇంకేమీ ఆలోచించలేదు. 'శిక్షణ కార్యక్రమం బోర్డు ద్వారా వెళ్లింది' అని రాసేశాను. బోర్డు ఆమోదించింది కాబోలు అనుకున్నాను. నా రాతప్రతి సరిచూసిన పెద్దాయన ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన ఇలా రాశారు: "వెళ్లింది బోర్డు దగ్గరికి కాదు నాయనా, ఓడ మీంచి సముద్రంలోకి." ఆఫీసు కాగితంలోకి ఓడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోజంతా నాకు అంతు పట్టలేదు. ఆ ఓడ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు పలక దగ్గర మొదలుపెడదాం.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిషులో ఈ మాటని 'ఎ' అక్షరం లేకుండా, 'ఓ' తర్వాత నేరుగా 'ఆర్' పెట్టి రాసేవారు. అప్పటికే దానికి నాలుగు అర్థాలున్నాయి: చెక్క పలక, భోజనపు బల్ల, ఓడ పక్కభాగం, డాలు. డాలు అర్థం ఇప్పుడు పూర్తిగా పోయింది గానీ, యోధులు డాళ్లు పక్కపక్కన చేర్చి నిలబడే వరసని పాత ఇంగ్లిషు కవులు 'బోర్డ్ గోడ' అనే అన్నారు. డాళ్లు చెక్కతోనే చేసేవారు మరి. నిజానికి వీటి వెనక రెండు వేర్వేరు జర్మానిక్ (ఇంగ్లిషు, జర్మన్, స్వీడిష్ వంటి భాషల కుటుంబం) మాటలున్నాయని భాషా చరిత్రకారులు చెప్తారు. ఒకదాని అర్థం పలక, రెండోదాని అర్థం అంచు, ముఖ్యంగా ఓడ అంచు. రెండూ వినడానికి దాదాపు ఒకటే కావడంతో కలిసిపోయాయి. ఆ తర్వాత ఫ్రెంచి నుంచి అంచు అనే అర్థంతోనే ఇంకో 'బోర్' వచ్చి ఈ కలగలుపుని గట్టిపరిచింది. ఆ ఫ్రెంచి మాట కూడా అసలు జర్మానిక్ నుంచి వెళ్లిందే. ఇంటి పిల్లే వేరే ఊరు వెళ్లి, కొత్త చీర కట్టుకుని తిరిగొచ్చినట్టు. దేశ సరిహద్దుకి వాడే 'బార్డర్' కూడా ఈ అంచు సంతానమే.

ఇదంతా వింతగా అనిపిస్తే మన 'బల్ల'ని ఒకసారి తలుచుకోండి. చెక్క పలకా బల్లే, కూర్చునేదీ బల్లే, రాసుకునేదీ బల్లే. పంతులుగారు సుద్దముక్కతో రాసేది నల్లబల్ల. ఏరు దాటించేది బల్లకట్టు. ఎత్తుపల్లాలు లేని నేల బల్లపరుపు. ఖరాఖండిగా చెప్పడం బల్లగుద్ది చెప్పడం. వీటిని మనం ఏనాడూ విడివిడిగా నేర్చుకోలేదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి అర్థం చేసుకున్నాం. ఇంగ్లిషువాళ్లకి బోర్డ్ కూడా అంతే. బల్లకట్టు ఉన్న భాషవాళ్లం, పలకకీ పడవకీ చుట్టరికం ఏమిటని మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

మధ్యయుగాల ఇంగ్లండులో పెద్ద ఇళ్లల్లో భోజనపు బల్ల అంటే ఇప్పటిలా నాలుగు కాళ్లు బిగించిన సామాను కాదు. కత్తెర కాళ్ల స్టాండ్లు రెండు పెట్టి, వాటి మీద పొడవాటి పలకలు పరిచేవారు. తినడం అయ్యాక పలకలు తీసి గోడకి చేరేసేవారు. అంటే భోజనపు బోర్డ్ అక్షరాలా చెక్క పలకే. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చాయి. వాటితోపాటు 'టేబుల్' కూడా వచ్చి బోర్డ్‌ని భోజనాల గదిలోంచి మెల్లగా బయటికి నెట్టింది. తమాషా ఏమిటంటే టేబుల్‌కి మూలమైన లాటిన్ 'టాబులా'కి అర్థం కూడా పలకే! మింగే టాబ్లెట్టూ, చేతిలో పట్టుకునే టాబ్లెట్టూ దాని పిల్లలే. స్వీడిష్ భాషలో మాత్రం ఇప్పటికీ టేబుల్‌ని 'బోర్డ్' అనే అంటారు. రకరకాల వంటకాలు పరిచి ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకునే విందుని 'స్మోర్గస్‌బోర్డ్' అంటారు కదా, దాని చివర ఉన్నది ఆ టేబులే.

ఇంగ్లిషులో సామానుగా బోర్డ్ పోయినా, దాని మీద పెట్టిన తిండి పోలేదు. బల్ల మీద రోజూ వడ్డించేదాన్ని కూడా బోర్డ్ అనడం పద్నాలుగో శతాబ్దం నాటికే వాడుకలోకి వచ్చింది. బోర్డ్ అండ్ లాడ్జింగ్ అంటే తిండీ, బసా. అమెరికాలో దాన్నే 'రూమ్ అండ్ బోర్డ్' అంటారు. హోటల్ బుకింగుల్లో 'ఫుల్ బోర్డ్' అంటే మూడు పూటలా భోజనం కలిపి, 'హాఫ్ బోర్డ్' అంటే పొద్దుటి టిఫినూ, ఒక పూట భోజనమూ. తిండీ బసా అక్కడే ఉండే బడి బోర్డింగ్ స్కూలు, అక్కడుండే పిల్లవాడు బోర్డర్. ఇంకోటి నాకు చాలా ఇష్టమైనది. భార్యాభర్తలు విడాకులు లేకుండా విడిగా బతకడాన్ని ఇంగ్లండు పాత చట్టంలో 'బెడ్ అండ్ బోర్డ్' నుంచి వేరుపడడం అన్నారు. పక్క, బల్ల. లాటిన్‌లో ఉన్న దీని మూలంలో ముందు బల్ల, తర్వాత పక్క. తెలుగులో మనం 'కంచం పొత్తు, మంచం పొత్తు' అంటాం చూడండి, సరిగ్గా అదే జంట. వాళ్లు బల్ల అన్నచోట మనం కంచం అన్నాం, అంతే తేడా. ఈ పదబంధం తెలుగు చేయాల్సి వస్తే నేను ఇంకేమీ వెతకను.

ఇక మనుషుల సంగతి. బల్ల చుట్టూ కూర్చుని తినేవాళ్లే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు, నిర్ణయాలు చేస్తారు. పదహారు, పదిహేడు శతాబ్దాలకి వచ్చేసరికి సమావేశపు బల్లా బోర్డే, ఆ బల్ల దగ్గర కూర్చునే అధికారం ఉన్నవాళ్లూ బోర్డే అయ్యారు. ఇంగ్లండులో వర్తకం, వలస రాజ్యాల వ్యవహారాలు చూడడానికి 1696లో పెట్టిన సంఘం పేరు బోర్డ్ ఆఫ్ ట్రేడ్. కంపెనీల డైరెక్టర్ల బోర్డులు, పరీక్షల బోర్డులు అన్నీ ఆ బాటలోనివే.

సామాను పేరు అధికారానికి పేరు కావడం బోర్డ్ ఒక్కదానికే దక్కిన భాగ్యం కాదు. బ్యాంకు అన్న మాట డబ్బు మార్చే వర్తకుడి బల్లని చెప్పే ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. ఫ్రెంచి 'బ్యూరో' కథ ఇంకా బాగుంటుంది. ముందు అది రాతబల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డ పేరు, తర్వాత ఆ బల్ల పేరు, తర్వాత బల్ల ఉన్న ఆఫీసు పేరు. చివరికి ఆ గుడ్డముక్క బ్యూరోక్రసీ అంతటిదై కూర్చుంది. మనకి మాత్రం తక్కువా? గద్దె దిగాడు, పీఠం కదిలింది, కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు అంటూ రోజూ వింటున్నదేగా. ఎవరూ కట్టె కుర్చీ కోసం కొట్టుకోరు.

బల్ల పైన చేతులుంటే నిజాయితీ, కింద ఉంటే అనుమానం. 'ఎబవ్ బోర్డ్' అనే మాట జూదం బల్ల దగ్గర పుట్టింది. పేకాడేటప్పుడు చేతులు బల్ల పైన అందరికీ కనపడేలా ఉంటే ముక్కలు మార్చే మోసం చేయలేరు. అందుకని దాపరికం లేని వ్యవహారాన్ని ఎబవ్ బోర్డ్ అన్నారు. దానికి ఎదురు మాట 'అండర్ ద టేబుల్'. అక్కడ మాత్రం బోర్డ్ పోయి టేబుల్ వచ్చింది. బల్ల కింద చేతులకి మనకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటాను. పందెం సొమ్మంతా ఒక్కడే ఊడ్చుకుపోవడం 'స్వీప్ ద బోర్డ్'. ఇప్పుడది బహుమతులన్నీ ఒక్కరికే వచ్చినప్పుడూ వాడతారు.

ఇప్పుడు ఓడ దగ్గరికి వద్దాం. ఇక్కడ బోర్డ్ అంటే పలక కాదు, ఓడ పక్క. 'స్టార్‌బోర్డ్' అంటే ఓడలో ముందుకి చూస్తూ నిలబడితే కుడిపక్క. ఇందులో నక్షత్రం లేదు. ఆ మొదటి సగం పాత ఇంగ్లిషులో 'స్టియర్', అంటే ఓడని నడపడం. వెనక మధ్యలో చుక్కాని బిగించడం రాకముందు ఉత్తర ఐరోపా ఓడలని కుడిపక్కన వేలాడే పెద్ద తెడ్డుతో నడిపేవారు. తెడ్డు ఉన్న పక్క కాబట్టి స్టియర్ బోర్డ్. తెడ్డు పట్టుకున్నవాడి వీపు ఎడమపక్కకి ఉంటుంది కాబట్టి పాత ఇంగ్లిషులో ఎడమపక్కని 'వీపు పక్క' అన్నారు. జర్మన్‌లో ఇప్పటికీ అదే మాట. ఇంగ్లిషులో మాత్రం తర్వాత 'లార్‌బోర్డ్' వచ్చింది. బహుశా సరుకు ఎక్కించే పక్క అని. చిక్కేమిటంటే గాలివానలో స్టార్‌బోర్డ్ అని అరిచినా, లార్‌బోర్డ్ అని అరిచినా ఒకలాగే వినపడుతుంది. కుడికి తిప్పమంటే ఎడమకి తిప్పితే ఇంకేముంది! బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ని తీసేసి 'పోర్ట్' అనే వాడాలని ఆదేశమిచ్చింది. అమెరికా నౌకాదళం రెండేళ్ల తర్వాత అదే పని చేసింది.

ఓడ పక్కలకి లోపల ఉంటే 'ఆన్ బోర్డ్', పక్క దాటి నీళ్లలో పడితే 'ఓవర్‌బోర్డ్'. ఏ పనైనా శ్రుతి మించి చేస్తే 'గో ఓవర్‌బోర్డ్'. తుపానులో తెరచాప స్తంభం విరిగి, ఓడ పక్క మీంచి జారి సముద్రంలో పడిపోవడాన్ని 'గో బై ద బోర్డ్' అన్నారు. పడింది ఇక చేతికి రాదు. అదీ నా శిక్షణ కార్యక్రమానికి పట్టిన గతి. దాన్ని తెలుగులో 'అటకెక్కింది' అనో 'గాలికి వదిలేశారు' అనో రాయాలి. వదిలేసినదాన్ని వాళ్లు నీళ్లలో పడేశారు, మనం అటక ఎక్కించాం.

'బోర్డ్' క్రియగా ఓడలకి సంబంధించే మొదలైంది. శత్రువు ఓడ పక్కకి మన ఓడని ఆనించి, కత్తులు పట్టుకుని అందులోకి దూకడం ఆ రోజుల్లో బోర్డింగ్. ఆ తర్వాత మామూలుగా ఓడ ఎక్కడం, ఆపైన రైలు, బస్సు, విమానం. విమానాశ్రయంలో బోర్డింగ్ మొదలైంది అనగానే అందరూ ఒక్కసారి లేచి తోసుకుంటుంటే, పాత అర్థం ఇంకా పూర్తిగా పోలేదేమో అనిపిస్తుంది నాకు.

సమాసాల్లో దాక్కున్న బోర్డులు చాలా ఉన్నాయి. అన్నీ చెప్పను, మూడు చాలు. కప్‌బోర్డ్ మొదట్లో తలుపులున్న అలమర కాదు, కప్పులు వరసగా పెట్టుకునే ఉత్త బల్ల. తలుపులు తర్వాత వచ్చాయి, పలుకులో 'ప' పోయింది. 'కప్ బోర్డ్' అని విడదీసి పలకకండి, 'కబర్డ్' అనాలి. డాష్‌బోర్డ్ గుర్రబ్బండి కాలం నాటిది. పరిగెత్తే గుర్రం గిట్టల నుంచి బురద ఎగిరి తోలేవాడి మీద పడకుండా బండి ముందు అడ్డంగా కట్టిన పలక అది. గుర్రం పోయి ఇంజను వచ్చినా పలక పేరు ఉండిపోయింది. దాని మీద మీటర్లు బిగించారు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద అంకెలన్నీ ఒకచోట చూపించే పేజీ కూడా డాష్‌బోర్డే. బురదా లేదు, బోర్డూ లేదు. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు వైర్లు గుచ్చే ప్లాస్టిక్ బ్రెడ్‌బోర్డ్ పేరు కూడా అలాంటిదే. రేడియోలు సొంతంగా తయారుచేసుకునే తొలినాటి ఔత్సాహికులు వంటింట్లో రొట్టె కోసే చెక్క మీదే మేకులు కొట్టి భాగాలు బిగించుకునేవారు.

పదబంధాల్లో రెండు తరచు తగులుతాయి. 'ఎక్రాస్ ద బోర్డ్' అంటే అందరికీ, అన్నిటికీ వర్తించేలా. ఇది అమెరికా గుర్రప్పందాల మాట. ఒకే గుర్రం మీద మొదటి స్థానానికి కొంత, మొదటి రెండిట్లో వస్తుందని అంతే, మొదటి మూడిట్లో వస్తుందని అంతే సమానంగా కాయడం. 'బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్', అంటే మళ్లీ మొదటికి, పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌తో ప్రచారంలోకి వచ్చింది. 1941లో న్యూయార్కర్ పత్రికలో పడింది. కూలిపోయిన విమానం వైపు అందరూ పరిగెడుతుంటే, చంకలో నక్షాల చుట్టతో దాన్ని గీసినాయన తాపీగా వెనక్కి నడుస్తూ ఆ మాట అంటాడు.

వాడుకలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది 'ద' దగ్గర. 'షి ఈజ్ ఆన్ ద బోర్డ్' అంటే ఆవిడ పాలకమండలి సభ్యురాలు. 'షి ఈజ్ ఆన్ బోర్డ్' అంటే ఓడలోనో విమానంలోనో ఉంది, లేదా మన ఆలోచనకి ఒప్పుకుంది, మన జట్టులో చేరింది. ఒక్క చిన్న మాటతో ఆవిడ హోదాయే మారిపోతుంది. తిండి అర్థంలో అయితే ముందు 'ఎ' ఉండదు, వెనక 'ఎస్' చేరదు. 'ఫ్రీ బోర్డ్' అంటారు, 'ఎ ఫ్రీ బోర్డ్' అంటే ఎవరో ఊరికే చెక్క ఇస్తున్నారని అర్థం. క్రియగా వాడినప్పుడు తర్వాత ఇంకో చిన్న మాట తగిలించకూడదు. 'ఐ బోర్డెడ్ ద బస్' చాలు. 'బస్సులోకి ఎక్కాను' అన్న మన 'లోకి' ని ఇంగ్లిషులోకి మోసుకెళ్లి 'బోర్డెడ్ ఇన్‌టు ద బస్' అనేవాళ్లు కోకొల్లలు. ఒకప్పుడు నేనూ అన్నాను. పాలకమండలి అర్థంలో 'ద బోర్డ్ హ్యాజ్ డిసైడెడ్', 'ద బోర్డ్ హ్యావ్ డిసైడెడ్' రెండూ కనిపిస్తాయి. రెండోది బ్రిటిష్ అలవాటు, సభ్యులని విడివిడి మనుషులుగా చూడడం. అమెరికాలో ఏకవచనమే. ఏదో ఒకటి ఎంచుకుని రాతంతా అదే పాటించండి.

ఇంకొక చిక్కు మన తెలుగు 'బోర్డు' వల్ల వస్తుంది. మనం తలుపు మీద పేరున్న పలకనీ, దారి చూపించే పలకనీ, హెచ్చరిక పలకనీ అన్నిటినీ బోర్డు అనేస్తాం. ఇంగ్లిషులో వాటికి ఉత్త 'బోర్డ్' అంటే ఎదుటివాడు క్షణం తికమక పడతాడు. అక్కడ సామాన్యంగా 'సైన్' అంటారు. ప్రకటనలు అంటించే పలకైతే బ్రిటన్‌లో నోటీస్ బోర్డ్, అమెరికాలో బులెటిన్ బోర్డ్. డబ్బు పట్టుకుని పారిపోయిన సంస్థ గురించి మనం 'బోర్డు తిప్పేసింది' అంటామే, అది అచ్చంగా మన సొత్తు. దాన్ని మాటకి మాట ఇంగ్లిషు చేసి ఇంగ్లిషువాడికి చెప్తే, పలక ఎందుకు తిప్పారు, వెనక ఏం రాసుంది అని అడుగుతాడు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్తాను. 'బోర్ కొట్టింది'లోని బోర్, దాంతో వచ్చే 'బోర్డ్', అంటే విసుగెత్తిపోయిన, దీనికి ఏమీ కారు. పలకడం ఒకటే, రాత వేరు. అలాగే బోర్డింగ్ స్కూల్లో ఉండే బోర్డర్‌కీ, సరిహద్దు బార్డర్‌కీ స్పెల్లింగులో ఒక్క 'ఎ' అక్షరమే తేడా. మొన్న ఒక బడి ప్రకటన నా దగ్గరికి సరిచూడమని వచ్చింది. అందులో ఆ అక్షరం ఎగిరిపోయి, 'మా దగ్గర రెండు వందల సరిహద్దులకి వసతి ఉంది' అన్న అర్థం వచ్చింది. ఎర్ర పెన్ను ఈసారి నా చేతిలో ఉంది.